కవరు తీయని ఇంట్లో మా అన్నయ్య ముక్కు

మా అన్నయ్య తుమ్మాడంటే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. అబద్ధాలు చెప్పాల్సిన ఖర్మ నాకు లేదు, కావాలంటే వచ్చి ఆ కుక్కనే అడగండి. ముందు రెండు చిన్నవి వస్తాయి. అవి ఊరికే కబురు. తరవాత తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, పోయిన వస్తువేదో ఇంటికప్పులో కనిపించినట్టు అలా చూస్తూ ఉండిపోతాడు. ఆ కాసేపట్లో మేం టీ గ్లాసుల మీద చేతులు అడ్డం పెట్టుకోవాలి. అప్పుడొస్తుంది అసలుది. అది రాగానే లోపలి గదిలోంచి మా అమ్మ "చిరంజీవ" అంటుంది. తుమ్ముకొక చిరంజీవ. నిద్రలో ఉన్నా అంటుంది. ఆ లెక్కన మా అన్నయ్య సూర్యచంద్రులతో పాటు ఉండాలి.

అన్నయ్య సోఫాలు కుడతాడు. ఇంటికి నాలుగు వీధుల అవతల రేకుల షెడ్డు. కొత్త సోఫాల కంటే పాతవాటికి బట్ట మార్చే పనే ఎక్కువ. పాత సోఫాని తిరగేసి అడుగు గుడ్డ చించాడంటే లోపల్నుంచి దువ్వెనలు, బొత్తాలు, సగం కొరికిన బిస్కట్లు, ఒకసారి ఎవరిదో కట్టుడుపన్ను, వాటితో పాటు బుట్టెడు దుమ్ము రాలతాయి. కుర్చీ గుడ్డలు, దిండు గలీబులు మిషను మీద కుట్టిపెట్టేది నేను. ఆ దుమ్ముకి నేను ముక్కుకి గుడ్డ కట్టుకుంటాను. అన్నయ్య కట్టుకోడు. విచిత్రం ఏమిటంటే, అక్కడ అతనికి ఒక్క తుమ్మూ రాదు. మేకులు పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ దుమ్ములో కూర్చుని హాయిగా కూనిరాగాలు తీస్తాడు. ఇదేం చోద్యమని అమ్మని అడిగితే, "పని ధ్యాసలో మర్చిపోతాడే" అంది. తుమ్మడం మర్చిపోవడం ఏమిటని నేను ఎదురడగలేదు. మా ఇంట్లో ముక్కుకి సంబంధించి ఆఖరి మాట అమ్మదే.

ఎందుకంటే అమ్మ పురిటి ఆస్పత్రిలో ఆయాగా చేసింది. మా ఊళ్ళో సగం మందికి మొదటి స్నానం పోసింది ఆమే. పోసి, తుడిచి, పౌడరు అద్ది, తల్లి పక్కన పడుకోబెట్టేది. పౌడరు వెయ్యని బిడ్డంటే ఎవరూ పట్టించుకోని బిడ్డని ఆమె నమ్మకం. ఉద్యోగం నుంచి దిగిపోయినా పౌడరు మానలేదు. తన మొహానికి, మెడకి, నా మొహానికి, మాతోపాటే ఆ ఇంట్లో ఉండే మా ఆయన వద్దంటున్నా ఆయన వీపుకి, దుప్పట్లకి, చెప్పులకి, ఆఖరికి క్యారమ్ బోర్డుకి కూడా ఆ పౌడరే. సున్నాలేసే కుంచె అంత పఫ్ఫు ఒకటుంది ఆమె దగ్గర. అమ్మ మా ఇంట్లో ఎటు వెళ్ళిందో నేల మీద తెల్లటి చుక్కలు చూసి చెప్పొచ్చు.

ముక్కు డాక్టరు ఒకాయన అన్నయ్య ముక్కులోకి లైటు వేసి చూసి, ఇది ఎలర్జీ, మీ ఇంట్లోనే ఏదో ఈయనకి పడటం లేదు, అదేమిటో కనిపెట్టి దూరం చెయ్యండి అన్నాడట. ఇంక చూస్కోండి, అమ్మ కంకణం కట్టుకుంది. అన్నయ్య తుమ్మినప్పుడల్లా ఇంట్లోంచి ఒక వస్తువు బయటికి పోయేది. ముందు తివాచీ పోయింది. పూలకుండీలు పోయాయి. ఉన్ని దుప్పట్లు, కిటికీ తెరలు, నేను చిన్నప్పుడు ఆడుకున్న గుడ్డ ఎలుగుబంటి, ఒకదాని వెనక ఒకటి గడప దాటాయి. మా ఆయన సెంటు పోయింది. ఆయన మీసాల మీద కూడా అమ్మకి ఒక కన్నుందని నా అనుమానం. ఇన్ని పోయినా తుమ్ములు పోలేదు.

బయటికి పంపడానికి వీల్లేనివాటికి అమ్మ కవరు వేసేది. దుమ్ము పట్టకూడదు, అదీ కారణం. టీవీ రిమోటు కవర్లో ఉంటుంది. ఫ్రిజ్ పిడికి కవరు. గోడగడియారం కవర్లోంచే టైము చూపిస్తుంది, మేం కాస్త అటూ ఇటూగా నమ్ముతాం. కొత్త వస్తువు వస్తే దాని కవరు తియ్యడం మా ఇంట్లో మహాపాపం. "తీశామంటే పాతబడినట్టే" అంటుంది అమ్మ. ముందుగదిలో ఒక సోఫా ఉంది. అన్నయ్య తన చేతులతో, ఉన్నవాటిలోకి మంచి బట్ట వేసి ఇంటి కోసం కుట్టింది. షెడ్డు నుంచి తెచ్చిన రోజునే అమ్మ దానికి మందపాటి ప్లాస్టిక్ తొడిగించింది. ఎండాకాలం దానిమీద కూర్చుని లేస్తే కాళ్ళ చర్మం చర్రుమని ఊడొస్తుంది. పొగబారిన ప్లాస్టిక్ కింద ఆ బట్ట రంగేమిటో మాకెవరికీ గుర్తు లేకుండా పోయింది.

ఊళ్ళోవాళ్ళ సోఫాల కవర్లు మార్చేవాడి ఇంట్లో ఇదీ వరస.

అన్నయ్య పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ముక్కే అడ్డొచ్చేది. ఒకావిడ తలనూనె పడలేదు. ఇంకొకావిడ ఇంట్లో కుక్క. మరొకావిడ ఏమీ రాసుకోదు, ఏమీ పెంచదు, అయినా ఆమె మా ఇంటికొచ్చిన రోజున అన్నయ్య వాన కురిసినట్టు తుమ్మాడు. ఆమె గొడుగు మీద బూజుందని అమ్మ తేల్చింది. అలా అలా యాభై దాటాడు. తుమ్మితే ఊడే ముక్కుకి పెళ్ళెందుకే అని నవ్వేవాడు. నవ్వేసి, చేతిలో సుత్తి అలాగే పట్టుకుని కాసేపు ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీదో తెలియని మంట.

అప్పుడొచ్చింది వ్యానావిడ.

ఆవిడ స్కూలు వ్యాను నడుపుతుంది. భర్త పోయి చాలాకాలమైంది. వ్యాను నిండా పిల్లల్ని వేసుకుని, వాళ్ళ అల్లరి మీద నుంచి మాట్లాడీ మాట్లాడీ, పక్కనున్న మనిషితో కూడా రోడ్డవతలి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఆవిడకో పిల్లి ఉంది. దాని పేరు మేనేజరు. ఏ పనీ చెయ్యకుండా ఎత్తుమీద కూర్చుని, పనిచేసేవాళ్ళని చూస్తూ ఉంటుందని ఆ పేరు పెట్టిందట. ఆ మేనేజరు చేసే పని ఒక్కటే, ఆవిడ సోఫా చెయ్యి గీరడం. ఆ చిరుగుతో ఆవిడ మా షెడ్డుకొచ్చింది. అన్నయ్య బట్ట మార్చి ఇచ్చాడు. కొన్నాళ్ళకి మళ్ళీ చిరిగింది. మళ్ళీ మార్చాడు. మళ్ళీ చిరిగింది.

నేను వెర్రిదాన్నా? ఆ బట్ట మిషను మీద కుట్టింది నేనే. పిల్లులున్న ఇళ్ళకి వేసే గట్టి బట్ట షెడ్డులో తానుకి తాను పడుంటే, ఈయన మాత్రం గోరు తగిలితే విచ్చుకుపోయే పలచటి బట్ట ఏరి ఏరి నాకిచ్చాడు. "ఏంటన్నయ్యా ఇది, ఇది నెల కూడా ఆగదు" అన్నాను. మేకులు నోట్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కొలతలు తీసుకోవాలని వాళ్ళింటికి అన్నిసార్లు ఎందుకు వెళ్ళాడో నాకప్పుడు అర్థమైంది. సోఫా ఏమన్నా ఎదుగుతుందా?

సంగతి అమ్మకి చెప్పాను. పిల్లి అన్న మాట వినగానే అమ్మ పఫ్ఫు డబ్బాలో పడేసి మూత పెట్టేసింది. పిల్లి వెంట్రుక ఒక్కటి చాలు, నా కొడుకు ముక్కు ఉండదంది. వాళ్ళింట్లో నేనెప్పుడూ తుమ్మలేదమ్మా అని అన్నయ్య గొణిగాడు. "కొత్తచోట ముక్కు మొహమాటపడుతుందిరా" అంది అమ్మ.

వ్యానావిడ కూడా తక్కువ తినలేదు. పిల్లిని వదిలిపెట్టి రాను అని తేల్చి చెప్పింది. అంతకంటే పెద్ద మెలిక ఇంకోటి పెట్టింది. మీ అమ్మగారు నోరారా రమ్మంటేనే వస్తాను, మొహం తిప్పుకునే ఇంట్లో నేనుండలేను అంది. అన్నయ్యేమో అమ్మ మనసు కష్టపెట్టే మనిషి కాదు, ఆవిడ మనసు కష్టపెట్టే మనిషీ కాదు. ముందుకి పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి. తిండి తగ్గించాడు. షెడ్డులో కూనిరాగాలు మానేశాడు. నాకు మొదటిసారి భయమేసింది, ఈసారి కూడా ఈయన నవ్వేసి ఊరుకుంటాడేమోనని.

అలా ఊరుకోలేదు. ఒకరోజు ఆటోలో పెద్ద పెట్టె ఒకటి తెచ్చి దింపాడు. గాలి శుభ్రం చేసే మిషను. గదిలో గాలంతా లోపలికి లాక్కుని, దుమ్మూ వెంట్రుకా ఏరేసి, మంచి గాలి బయటికి వదులుతుందట. ఇది నడుస్తుంటే పిల్లి ఉన్నా ముక్కుకి తెలియదని కొట్టువాడు చెప్పాడట. తెల్లగా, గ్యాస్ బండంత ఉంది. ముందువైపు ఒక లైటు. గాలి బాగుంటే నీలం, బాగోకపోతే ఎరుపు.

దాన్ని విప్పడానికి పూటంతా పట్టింది. పెట్టె చిరక్కూడదు, అటక మీద పెట్టాలి. థర్మాకోలు విరక్కూడదు. పైకవరు తీస్తేగాని గాలి ఆడదని మా ఆయన బతిమాలితే, అమ్మ గుండె రాయి చేసుకుని సరేనంది. వెనక తలుపు తెరిచి చూశాం. లోపల ముడతలు ముడతలుగా తెల్లటి కాగితం దిండులాంటిది, దానిమీద పలచని కవరు. కవర్ల పనివాడు కదా, అన్నయ్య చెయ్యి వేసి నిమిరాడు. ఎంత బిగువుగా తొడిగారో చూడండి, ఎక్కడా వదులు లేదు అని మెచ్చుకున్నాడు. అది మాత్రం ముట్టుకోవద్దంది అమ్మ, దుమ్ము పడుతుందట. అందరికీ సబబుగానే తోచింది. నాకూ తోచింది, ఎందుకు దాచాలి? తలుపు మూసి స్విచ్చి వేశాం. మిషను గుర్రుమంది. నీలం లైటు వెలిగింది. అన్నయ్య దాని ముందు కూర్చుని ఒక పెద్ద ఊపిరి తీసి, కొండమీద ఉన్నట్టుందన్నాడు. మా ఆయన తనకి కొంచెం చలిగా కూడా ఉందన్నాడు.

ఆ వారం సెలవురోజున వ్యానావిడ పిల్లిని బుట్టలో పెట్టుకుని మొదటిసారి మా ఇంటికొచ్చింది. వచ్చేది పిల్లిగలావిడే అయినా, కొడుకుని చేసుకుంటానంటున్న మనిషి ముందు తీసికట్టుగా ఉండటం అమ్మకి నచ్చదు. మామూలు కంటే రెండింతలు పౌడరు వేసుకుంది. మొహానికి, మెడకి, మోచేతులదాకా. లోపలి గదిలోంచి ఆమె ముందుగదిలోకి అడుగుపెట్టిందో లేదో, మిషను ఒక్కసారి బొయ్యిమంది. లైటు ఎర్రబడింది.

"చూశారా, పిల్లిని కనిపెట్టేసింది" అంది అమ్మ.

వ్యానావిడ బుట్ట తీసుకెళ్ళి వీధి అరుగు మీద పెట్టి వచ్చింది. లైటు ఎర్రగానే ఉంది. అమ్మ టీ తెస్తానని లోపలికి వెళ్ళింది. కాసేపటికి నీలం అయింది. అమ్మ టీ పట్టుకుని వచ్చింది. ఎర్రబడి బొయ్యిమంది. మేమంతా మిషను వంక చూశాం. అమ్మ వంక చూసే ధైర్యం ఎవరికుంది? మా ఆయన దగ్గొచ్చినట్టు నటించి నవ్వు మింగాడు. అమ్మకి అది కనబడనే కనబడింది. ఈలోగా అన్నయ్యకి రెండు కబుర్లొచ్చాయి. వెంటనే అసలుది. ఆ తరవాత మరి ఆగలేదు. వ్యానావిడ చేతిలో టీ ఒలికింది. అమ్మ ఆ కోపంలో కూడా చిరంజీవ, చిరంజీవ అంటూనే ఉంది.

ఆవిడ వెళ్ళాక అమ్మ తీర్పు వచ్చింది. పిల్లి గడప లోపల ఉన్నది కాసేపే, దానికే ఇంతయితే రేపు కాపురానికొస్తే ఏమిటి గతి? అన్నయ్య అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కొత్త మిషను కదమ్మా, ఇంకా ఇంటికి అలవాటు పడలేదు, ఒక్క నెల చూడమని అడిగాడు. అతను తన కోసం ఏదన్నా అడగడం నేను చూడటం అదే మొదటిసారి. అమ్మకి కూడా అదే మొదటిసారి అనుకుంటా. నెలరోజులు, ప్రతి సెలవుకీ పిల్లి రావచ్చు, పిల్లి ఉండగా ఒక్క తుమ్ము వినబడ్డా ఈ సంబంధం వదిలేసుకోవాలి అని ఒప్పుకుంది. అన్నయ్య ముక్కు పట్టుకుని సరేనన్నాడు.

నేను చెప్తే నమ్మరు. ఆ నెలలో ఒక్క తుమ్ము లేదు.

పిల్లి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. నడుస్తున్న మిషను వెచ్చగా ఉంటుందేమో, మేనేజరు దాని నెత్తికెక్కి కూర్చుని మమ్మల్నందర్నీ తనిఖీ చేసేది. అన్నయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని వీపులో మొహం పెట్టి మరీ గాలి పీల్చాడు. ఊహూఁ. పొద్దున్న లేస్తే ముక్కు కారడం లేదు, కళ్ళు వాచడం లేదు. వీధి కుక్క కూడా కాస్త ఒళ్ళు చేసింది. మిషను మహిమ అని మేమంతా దాని చుట్టూ తిరిగాం. మా ఆయన వచ్చిపోయేవాళ్ళందరికీ దాన్ని చూపించి, ఊపిరి పీల్చి చూడండి అని బలవంతపెట్టేవాడు. అమ్మ మాత్రం ముభావంగా ఉండేది. మిషను ఉన్న గదిలోకి రావాల్సొస్తే, గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి, లైటు వంక చూసి, అది నీలంగానే ఉంటే అప్పుడొచ్చేది. పిల్లిని చూసి మొహం తిప్పుకోవడం కూడా తగ్గింది. ఇంక రమ్మనడమే తరువాయి అనుకున్నాం.

అన్నీ సవ్యంగా జరిగితే అది మా ఇల్లెందుకవుతుంది? నెల నిండబోతుండగా, సరిగ్గా వ్యానావిడ ఉన్నప్పుడే, మిషను మీద ఇంకో లైటు టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. ఫిల్టరు చూడమని అర్థమంది ఆవిడ. సరే చూద్దామని అన్నయ్య వెనక తలుపు తెరిచాడు. ఆవిడ వంగి చూసింది. ఇంకొంచెం వంగి చూసింది.

"ఇదేంటి, దీని కవరు తియ్యలేదేం?"

"తియ్యకూడదమ్మా. దుమ్ము పడుతుంది" అంది అమ్మ.

ఆవిడ లేచి నిలబడి మా మొహాలు వరసగా చూసింది. వ్యానులో ఎవరు వాంతి చేసుకున్నారో తెలియనప్పుడు పిల్లల వంక అలాగే చూస్తుందేమో. తరవాత నిదానంగా విడమరిచి చెప్పింది. గాలి వెళ్ళాల్సింది ఆ కాగితంలోంచేనట, దుమ్ము పట్టాల్సింది దానికేనట. కవరు ఉంటే ఏదీ లోపలికి పోదట, ఇన్నాళ్ళూ మేం ముందర కూర్చుని మురిసిపోయింది లైటున్న ఒక ఫ్యానట. మా ఆయన పరుగెత్తుకెళ్ళి మిషనుతో వచ్చిన పుస్తకం తెచ్చాడు. అదీ కవర్లోనే ఉంది. చించి చూస్తే, మొదటి పేజీలోనే కవరు కత్తిరిస్తున్న కత్తెర బొమ్మ.

నాకు నవ్వొచ్చింది. కానీ అన్నయ్య మొహం చూసి ఆగిపోయాను. సున్నం కొట్టిన గోడలా పాలిపోయాడు. అయితే నెల నుంచీ పిల్లి వెంట్రుకలన్నీ తన ముక్కులోకే పోయాయన్నమాట. ఆ ఆలోచన రాగానే తల వెనక్కి వాల్చాడు. నోరు తెరిచాడు. అంతే, అంతా అయిపోయిందనుకున్నాను. మా ఆయన అలవాటు కొద్దీ టీ గ్లాసు మీద చెయ్యి పెట్టాడు. అందరం అన్నయ్య వంక, అన్నయ్య ఇంటికప్పు వంక చూస్తూ ఉండిపోయాం. ఎంతసేపటికీ తుమ్ము రాలేదు. చివరికి సిగ్గుపడి తల దించాడు.

వ్యానావిడ అంది, "పిల్లి ఇక్కడే ఉంది. మిషనా, పనే చెయ్యలేదు. అయినా తుమ్ములు పోయాయి. మరి ఈ నెలలో ఇంట్లో మానేసిందేంటి?"

మేం మానేసింది ఏముంది? నేనేం మానలేదు. మా ఆయన ఏదీ మానే మనిషి కాదు. ఒకరి మొహాలొకరం చూసుకుంటున్నాం. అమ్మ చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళింది. ఆ వెళ్ళిన దారి చూశాను నేను. నేల శుభ్రంగా ఉంది. ఒక్క తెల్ల చుక్క లేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికామని అప్పుడు తెలిసింది నాకు.

అమ్మ పౌడరు డబ్బా పట్టుకుని వచ్చింది. ఆ మాయదారి లైటు నలుగురిలో పరువు తీసిన రోజునుంచీ పౌడరు ముట్టుకోలేదని, వేసుకోవడమే కాదు, దుప్పట్లకి జల్లడం కూడా మానేశానని, తన వంక చూసి అది ఎర్రబడుతుంటే ఏదోలా ఉందని చెప్పింది. చెప్పి, అన్నయ్య వంక తిరిగింది.

"రోజూ నీ దిండు మీద జల్లేదాన్నిరా. నీకు హాయిగా నిద్ర పడుతుందని."

"ఛ, పౌడరేం చేస్తుందమ్మా? అది కాదులే" అన్నాడు అన్నయ్య.

అమ్మ వినిపించుకోలేదు. మూత తీసి, పఫ్ఫు ముంచి, అతని మొహం ముందు గాల్లో టపటపా కొట్టింది. తెల్లటి పొగ లేచింది. మిషను బొయ్యిమని ఎర్రబడింది. అన్నయ్య పెదాలు బిగించాడు. మెడనరాలు తేలాయి. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి, సోఫా ప్లాస్టిక్కుని రెండు చేతులా పట్టుకున్నాడు. తన జన్మలో ఒక్క తుమ్ము ఆపుకోని మనిషి, ఆపుకుంటున్నాడు. "చూశావా, ఏబీ లేదు" అన్నాడు ముక్కు మూసుకుపోయిన గొంతుతో. అమ్మ తప్పు కాదని చెప్పడానికి నెపం మళ్ళీ పిల్లి మీదికి తోసి, తన పెళ్ళి తనే చెడగొట్టుకుంటున్నాడు, పిచ్చి సన్నాసి. నాకు అతని మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత ప్రేమా రాలేదు. వ్యానావిడ కింది పెదవి కొరుక్కుని, మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు మిషను నెత్తిమీదినుంచి చిన్న చప్పుడైంది. మేనేజరు తుమ్మింది.

"చిరంజీవ" అంది అమ్మ.

అని, తను ఎవరిని దీవించిందో చూసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంక అన్నయ్య వల్ల కాలేదు. నెలరోజుల సరుకంతా ఒక్కసారి బయటపడింది. కిటికీ రెక్క కొట్టుకుంది, గడియారం కవరు రెపరెపలాడింది, వీధి చివర కుక్క మొరిగింది. మా ఆయన టీ గ్లాసు దక్కలేదు.

అమ్మ ఈసారి చిరంజీవ అనలేదు. డబ్బాకి మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇన్నేళ్ళూ నేనే తుమ్మించి, నేనే చిరంజీవ అన్నానట్రా?" అంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు, రెండూ వచ్చేశాయి.

"నువ్వలా అనబట్టేగా ఇన్నేళ్ళూ ఉన్నాను" అన్నాడు అన్నయ్య, ముక్కు తుడుచుకుంటూ.

అమ్మ లేచి, వ్యానావిడ నిలబడే ఉండటం చూసి, నా వైపు చెయ్యి చాచి కత్తెర ఇమ్మంది. ఫిల్టరు కవరు కోస్తుందనుకుని ఇచ్చాను. ఆమె మిషను వైపు వెళ్ళనే లేదు. సోఫా దగ్గరికెళ్ళి, వంగి, ఆ మందపాటి ప్లాస్టిక్కుని ఈ చివర్నుంచి ఆ చివరికి పరపరా కోసేసింది. లాగి అవతల పారేసింది. లోపల్నుంచి చిలకపచ్చ బట్ట బయటపడింది. అంత పచ్చటి వస్తువు మా ఇంట్లో ఉందని నాకు తెలియనే తెలియదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, నాకు గుర్తుంది అన్నాడు అన్నయ్య మెల్లగా.

"కూర్చో" అంది అమ్మ వ్యానావిడతో.

రోడ్డవతలికి వినబడేలా మాట్లాడే మనిషి ఆ పూట మాత్రం మెల్లగా మాట్లాడింది. "వద్దు పిన్నిగారూ, కొత్తదానిలా ఉంది. నేను కూర్చుంటే మేనేజరు కూడా ఎక్కుతుంది, గీరి పెడుతుంది" అంది.

"పిన్నిగారేంటి, అత్తయ్యా అను. దాన్ని గీరనీ. కుట్టేవాడు ఇంట్లోనే ఉన్నాడుగా, నువ్వొచ్చెయ్."

మేనేజరు ఆవిడ జవాబు కోసం ఆగలేదు. మిషను మీదినుంచి దూకి, సోఫా చెయ్యెక్కి పని మొదలుపెట్టింది.